యోకిచ్ పక్కన ఎనిమిదో మనిషి: డెన్వర్ 2025 వేసవి లెక్క

మీరు అడిగినవి మూడు. ఆరోన్ గోర్డన్ కాలు బాగుండి ఉంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2025 ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్, ఏడింటిలో నాలుగు గెలిస్తే ముందుకు) డెన్వర్ నగ్గెట్స్ ఓక్లహోమా సిటీ మీద గెలిచేదా? మైకేల్ పోర్టర్ జూనియర్‌ని బ్రూక్లిన్‌కి ఇచ్చేసి, పైన 2032 ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త కుర్రాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటి విడత ఎంపిక హక్కు) కూడా పెట్టి, ఇంచుమించు అలాంటి ఆటగాడే అయిన కామ్ జాన్సన్‌ని తెచ్చుకోవడంలో అర్థముందా? 2026 ఏప్రిల్‌కి ఈ జట్టు పరిస్థితి ఏమిటి? మూడింటికీ జవాబు ఒక్కచోటే ఉందని నా అభిప్రాయం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఇది 2025-26 సీజన్ మొదలుకాక ముందు లెక్క. డెన్వర్‌కి నికోలా యోకిచ్ అనే గొప్ప ఆటగాడి చుట్టూ మంచి స్టార్టింగ్ ఫైవ్ (ఆట మొదలుపెట్టే ఐదుగురు) చాలా ఏళ్లుగా ఉంది. బెంచి మీద నుంచి లేచి వచ్చి పదిహేను నిమిషాలు నమ్మకంగా ఆడిపెట్టే మనుషులు 2023 టైటిల్ తర్వాత ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో, ఓక్లహోమా దాన్ని ఎలా వాడుకుందో చూస్తే పోర్టర్ ట్రేడ్ ఎందుకు చేశారో తెలుస్తుంది.

ముందు గోర్డన్ సంగతి. ఓక్లహోమాతో రెండో రౌండ్ సిరీస్ ఆరో మ్యాచ్ చివర్లో అతనికి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసింది. రెండో గ్రేడ్ దెబ్బ అన్నారు. మామూలుగా అయితే వారాల తరబడి కూర్చోబెట్టే దెబ్బ అది. అయినా ఏడో మ్యాచ్‌కి వచ్చి స్టార్ట్ చేశాడు. ఆ ప్లేఆఫ్స్‌లో అతను చేసినవి గుర్తు చేసుకోండి. మొదటి రౌండ్‌లో క్లిప్పర్స్‌తో నాలుగో మ్యాచ్‌లో యోకిచ్ షాట్ రింగ్‌కి కూడా అందకుండా పోతుంటే గాల్లోనే పట్టి, సమయం అయిపోతున్న క్షణంలో డంక్ చేసి 101-99తో గెలిపించాడు. ఓక్లహోమాతో మొదటి మ్యాచ్‌లో చెట్ హోమ్‌గ్రెన్ రెండు ఫ్రీ త్రోలూ మిస్ అవగానే డెన్వర్ గార్డ్ వెస్ట్‌బ్రూక్ బంతి తోలుకొచ్చి ఇచ్చిన పాస్‌ని త్రీగా (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్‌గా) మలిచి 121-119 చేశాడు. మూడో మ్యాచ్‌ని ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్లిన త్రీ కూడా అతనిదే. అలాంటి మనిషి కుంటుతూ ఆడితే జట్టు సగమైపోతుంది, నిజమే.

కానీ ఏడో మ్యాచ్‌లో తేడా 32 పాయింట్లు. 125-93. గోర్డన్ రెండు కాళ్లూ బాగున్నా అంత తేడా పూడదు. పైగా ఆ సిరీస్ చేజారింది ఏడో మ్యాచ్‌కి ముందే. నాలుగో మ్యాచ్‌లోనూ ఐదో మ్యాచ్‌లోనూ డెన్వర్ మూడు క్వార్టర్లు అయ్యేసరికి ఆధిక్యంలో ఉంది. రెండూ ఓడింది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి నిలబెట్టుకున్నా ఆరో మ్యాచ్‌తోనే సిరీస్ అయిపోయేది.

నాలుగో మ్యాచ్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. నేను స్కూలు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. వాళ్లకు వీడియోలు చూపించేటప్పుడు నేనెప్పుడూ తీసే మ్యాచ్ ఇది. శుక్రవారం రాత్రి మూడో మ్యాచ్ ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. మధ్యలో శనివారం ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నమే మళ్లీ ఆట. మొదటి క్వార్టర్ స్కోరు 17-8. ఎన్‌బీఏ స్థాయిలో పన్నెండు నిమిషాలకు ఎనిమిది పాయింట్లంటే ఆటగాళ్లకు షాట్ మీదకి లేచే శక్తి లేదని అర్థం. రెండు జట్లూ అలాగే ఉన్నాయి. అయినా డెన్వర్ నెమ్మదిగా లాక్కొచ్చి నాలుగో క్వార్టర్ ముందు 69-63తో పైచేయి సాధించింది. అప్పుడు ఓక్లహోమాకి బెంచి నుంచి కేసన్ వాలెస్, ఆరోన్ విగ్గిన్స్ వచ్చి త్రీలు కొట్టారు. ఆ సీజన్లో లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయిన షే గిల్జియస్-అలెగ్జాండర్ పేరు తెలిసినవాళ్లలో చాలామందికి ఈ ఇద్దరి పేర్లూ తెలియవు. చివరి క్వార్టర్ 29-18. మ్యాచ్ 92-87.

వాళ్లకు ఆ షాట్లు ఎందుకు దొరికాయన్నది ముఖ్యం. డెన్వర్ కోచ్ డేవిడ్ అడెల్‌మన్ ఆ సిరీస్‌లో జోన్ డిఫెన్స్‌ని బాగా నమ్ముకున్నాడు. జోన్ అంటే ఒక్కొక్కరు ఒక్కో మనిషిని వెంటాడకుండా ఒక్కో చోటుని కాచుకోవడం. దానికి రెండు కారణాలు. మొదటిది, యోకిచ్‌ని ప్రతి పొజెషన్‌లో (బంతి ప్రత్యర్థి చేతికి వచ్చిన ప్రతిసారీ) బయటికి లాగి షే ఎదురుగా నిలబెట్టే అవకాశం జోన్‌లో తగ్గుతుంది. రెండోది, అలసిన కాళ్లకు అది కొంత ఊరట. మూడో మ్యాచ్‌లో ఈ ఎత్తు బ్రహ్మాండంగా పారింది. షే లోపలికి వచ్చిన ప్రతిసారీ మూడు ఒళ్లు ఎదురయ్యాయి, అతను 18 పాయింట్లకే ఆగిపోయాడు. కానీ జోన్ వేసినప్పుడు ఎవరో ఒకర్ని వదిలెయ్యాలి. డెన్వర్ వదిలేసింది లూ డోర్ట్, వాలెస్, విగ్గిన్స్ లాంటివాళ్లని. బయటి నుంచి వాళ్లు కొట్టలేరని పందెం. పందెం నిలవాలంటే బంతి వాళ్ల చేతికి వెళ్లాక ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాలి. మొదటి మూడు క్వార్టర్లలో ఆ పరుగు ఉంది. నాలుగో క్వార్టర్‌లో లేదు.

ఐదో మ్యాచ్ కూడా ఇదే తీరు. యోకిచ్ 44 పాయింట్లు, 15 రీబౌండ్లు (తప్పిపోయిన షాట్ల బంతిని అందుకోవడం) చేశాడు. నాలుగో క్వార్టర్‌కి 86-78 ఆధిక్యం. అక్కడ వదిలేసిన డోర్ట్ వెంటవెంటనే మూడు త్రీలు కొట్టాడు, ఆ తర్వాత పని షే పూర్తి చేశాడు. చివరి క్వార్టర్ 34-19. ఎంతటి ఆటగాడైనా 44 కొట్టి ఓడిపోయాడంటే మిగతా నిమిషాల్లో ఏం జరిగిందో చూడాలి.

ఇక ఆరో మ్యాచ్. ఇది నా వాదనకు అవతలి వైపు సాక్ష్యం. ఆ సిరీస్‌లో పెద్దగా కోర్టు మీదకే రాని జూలియన్ స్ట్రాథర్ సెకండ్ హాఫ్‌లో 15 పాయింట్లు కొట్టాడు, డెన్వర్ 119-107తో గెలిచింది. అనుకోకుండా ఒక్క మనిషి తోడొస్తే 68 మ్యాచ్‌లు గెలిచిన జట్టు మీద ఈ జట్టు గెలవగలిగింది. దీన్ని మించిన రుజువు నాకు అక్కర్లేదు.

క్యాలెండర్‌ని కూడా మర్చిపోకండి. ఓక్లహోమా మొదటి రౌండ్‌ని మెంఫిస్ మీద 4-0తో ఏప్రిల్ 26కే ముగించి విశ్రాంతి తీసుకుంది. డెన్వర్ క్లిప్పర్స్‌తో ఏడు మ్యాచ్‌లూ ఆడి మే 3న బయటపడి, మే 5న ఓక్లహోమాలో దిగింది. అంటే రెండు వారాల్లో ఏడు, మళ్లీ రెండు వారాల్లో ఏడు. పోర్టర్‌కి భుజం దెబ్బ. వెస్ట్‌బ్రూక్‌కి చెయ్యి బాగాలేదు. పాయింట్ గార్డ్ జమాల్ ముర్రే ఆరో మ్యాచ్‌ని ఒంట్లో బాగాలేకుండానే ఆడాడు. ఏడో మ్యాచ్‌లో అలెక్స్ కరూసో, ఆరడుగుల ఐదంగుళాల గార్డ్, ఏడడుగులకు ఒక్క అంగుళం తక్కువున్న యోకిచ్ ముందు నిలబడి బంతి అతని చేతికే రాకుండా చేశాడు. వెనక నుంచి సాయం రావడానికి ఓక్లహోమా వాళ్లకు ఏ భయమూ లేదు. వెస్ట్‌బ్రూక్‌ని బయట వదిలేశారు, భుజం పట్టేసిన పోర్టర్‌ని కూడా వదిలేసే ధైర్యం చేశారు. డెన్వర్ 20కి పైగా టర్నోవర్లు చేసింది, అంటే అన్నిసార్లు బంతిని అవతలి జట్టుకి పోగొట్టుకుంది. మొదటి క్వార్టర్‌ని 26-21తో గెలిచిన జట్టు రెండో క్వార్టర్‌ని 20-39తో పోగొట్టుకుంది.

ఇంతకీ బెంచి ఎందుకు అంత పలచగా ఉంది? దీనికి 2023 జూన్ నుంచి మొదలుపెట్టాలి. మయామిని 4-1తో ఓడించి టైటిల్ కొట్టిన ఆ జట్టులో ఆరో మనిషి బ్రూస్ బ్రౌన్. అతని కాంట్రాక్ట్‌ని బట్టి లీగ్ నిబంధనల ప్రకారం డెన్వర్ ఇవ్వగలిగింది ఏడాదికి 7.8 మిలియన్ డాలర్ల దాకానే. ఇండియానా రెండేళ్లకు 45 మిలియన్లు ఇచ్చింది. అతను వెళ్లాడు, తప్పుపట్టడానికి ఏమీ లేదు. జెఫ్ గ్రీన్ హ్యూస్టన్ వెళ్లాడు. ఇక్కడిదాకా డెన్వర్ చేతుల్లో లేని విషయం.

మరుసటి ఏడాది మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉంది. 2024లో కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్ ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్ట్ ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలవాడు) అయితే అతన్ని ఉంచుకునే హక్కు డెన్వర్‌కి పూర్తిగా ఉంది. ఆర్లాండో మూడేళ్లకు 66 మిలియన్లు ఇచ్చి పట్టుకుపోయింది. డెన్వర్ భయపడింది సెకండ్ ఏప్రన్‌కి, అంటే జీతాల మీద లీగ్ పెట్టిన పై గీతకి. జట్టు మొత్తం జీతాలు ఆ గీత దాటితే డబ్బు నష్టంతో ఆగదు. ట్రేడ్‌లో ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోలేరు, బయటివాళ్లను తీసుకునే మిడ్ లెవెల్ ఎక్సెప్షన్ పోతుంది, ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ అమ్మకుండా కట్టడి పడుతుంది. భయంలో అర్థముంది. కానీ ఆ భయంతో ఒక పక్క కాల్డ్‌వెల్-పోప్‌ని వదులుకున్నవాళ్లు, ప్లేఆఫ్స్‌లో కోర్టు మీదకు పంపలేని జీక్ నాజీకి అంతకు ముందే నాలుగేళ్లకు 32 మిలియన్లు రాసిచ్చేశారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇదే. యోకిచ్ లాంటి వాడు మీ దగ్గర ఉన్న పదేళ్లలో ప్రతి ఏడాదీ విలువైనది. బెంచి మీద కుర్రాళ్లు ఎదుగుతారులే అని చూస్తూ రెండేళ్లు గడిపేశారు. కోచ్ మైకేల్ మలోన్‌కి అనుభవం ఉన్నవాళ్లు కావాలి, జనరల్ మేనేజర్ కాల్విన్ బూత్‌కి తను డ్రాఫ్ట్ చేసిన కుర్రాళ్లు ఆడాలి. ఇద్దరికీ పొసగలేదు. రెగ్యులర్ సీజన్ ఇంకా మూడు మ్యాచ్‌లు ఉందనగా, 2025 ఏప్రిల్‌లో ఇద్దర్నీ ఒకే రోజు పంపించేశారు. ఆ సీజన్లో యోకిచ్ సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్టులు చేశాడు. అయినా జట్టు 50 గెలిచి నాలుగో స్థానంలో ఉంది.

ఇప్పుడు పోర్టర్ ట్రేడ్ దగ్గరికి వద్దాం. మీరు అన్నట్టు అంకెల్లో ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉంటారు. 2024-25లో ఇద్దరూ మ్యాచ్‌కి 18 పైచిలుకు పాయింట్లు, త్రీల్లో 39 శాతం చుట్టుపక్కల. పోర్టర్ రెండేళ్లు చిన్నవాడు, రెండంగుళాలు పొడుగు, రీబౌండ్లు బాగా పడతాడు. ఎవరి చెయ్యి అడ్డమొచ్చినా దాని మీద నుంచి షాట్ వెయ్యగలడు. వెన్నుకి మూడు ఆపరేషన్లు అయ్యాక కూడా తిరిగొచ్చి టైటిల్ జట్టులో స్టార్టర్ అయిన మనిషి. డెన్వర్ అభిమానులు అతన్ని తేలిగ్గా మాట్లాడకూడదని నా అభిప్రాయం.

అయితే 2025-26కి పోర్టర్ జీతం 38.3 మిలియన్లు. జాన్సన్‌ది సుమారు 21. మధ్యలో 17 మిలియన్లు. ఆ తేడాతో ఏం కొన్నారో చూడండి. డారియో షారిచ్‌ని శాక్రమెంటోకి పంపి యోకిచ్‌కి బదులు దిగగల యోనస్ వాలన్‌చ్యూనస్‌ని తెచ్చుకున్నారు. అతని జీతం 10 మిలియన్ల పైమాటే, పోర్టర్ జీతం మొత్తంగా పుస్తకాల్లో ఉంటే దీన్ని మోయడం చాలా కష్టం. మినిమమ్ కాంట్రాక్ట్‌ల (లీగ్ కనీస జీతం) మీద బ్రూస్ బ్రౌన్ తిరిగొచ్చాడు, టిమ్ హార్డవే జూనియర్ వచ్చాడు. అందుకే ఈ ట్రేడ్‌ని పోర్టర్‌కి జాన్సన్ అని చూడొద్దు. పోర్టర్ ఒక్కడికి నలుగురు అని చూడండి. పిండి కొద్దీ రొట్టె అన్న నిబంధన ఉన్న లీగ్‌లో ఒకే చోట పోసిన పిండిని నాలుగు చోట్లకు పంచారు.

ఆట పరంగా జాన్సన్‌లో నాకు నచ్చే విషయం ఒకటి ఉంది. యోకిచ్‌కి డబుల్ టీమ్ (ఇద్దరు డిఫెండర్లు కలిసి కమ్ముకోవడం) వచ్చినప్పుడు బంతి బయటికి వస్తుంది. డిఫెండర్ పరుగెత్తుకొస్తాడు. పోర్టర్ అక్కడ దాదాపు ఎప్పుడూ షాటే వేస్తాడు, డ్రిబుల్ చేసి లోపలికి వెళ్లడం అతనికి అలవాటైన పని కాదు. జాన్సన్ ఆ పరుగెత్తుకొచ్చినవాణ్ని దాటించి ఒక డ్రిబుల్ వేసి, అవతలి మూల ఉన్నవాడికి పాస్ ఇవ్వగలడు. ఓక్లహోమా లాంటి డిఫెన్స్ మీద మొదటి పాస్‌కి దారి దొరకదు, రెండో పాస్‌కో మూడో పాస్‌కో దొరుకుతుంది. ఏడో మ్యాచ్‌లో కరూసో ముందు నిలబడి ఆపినప్పుడు డెన్వర్ దగ్గర లేనిది ఆ రెండో పాసే.

వాలన్‌చ్యూనస్ సంగతి కూడా ఇంతే ముఖ్యం, కొందరు ఇంకా దీన్ని పట్టించుకోవడం లేదు. యోకిచ్ విశ్రాంతి తీసుకునే నిమిషాల్లో డెన్వర్ ఆధిక్యం కరిగిపోవడం ఏళ్ల తరబడి చూస్తున్నాం. అందుకే ప్లేఆఫ్స్ వచ్చేసరికి అతన్ని కూర్చోబెట్టడానికే కోచ్‌లు భయపడతారు, అతను అలసిపోతాడు. వాలన్‌చ్యూనస్ డిఫెన్స్‌లో వేగం లేనివాడే. కానీ స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం) గట్టిగా పెడతాడు, రీబౌండ్ వదలడు, రింగ్ దగ్గర బంతి ఇస్తే పాయింట్లు తెస్తాడు. హార్టెన్‌స్టైన్, హోమ్‌గ్రెన్ ఇద్దర్నీ ఒకేసారి దింపే ఓక్లహోమా మీద, కావాలంటే యోకిచ్ పక్కనే అతన్ని కొన్ని నిమిషాలు నిలబెట్టి చూడొచ్చు. గ్రీస్‌లో పనాథినాయికోస్ అతని కోసం గట్టిగా ప్రయత్నించినా డెన్వర్ వదలకపోవడం నాకు మంచి సూచనగా కనిపించింది.

ఇక 2032 పిక్. ఇది నిజమైన ధరే, దాన్ని చిన్నదని చెప్పను. ఏ రక్షణా లేకుండా ఇచ్చారు, అంటే అది ఎంత పైస్థానంలో వచ్చినా వెనక్కి రాదు. అప్పటికి యోకిచ్‌కి 37 ఏళ్లు ఉంటాయి, జట్టు అట్టడుగున ఉండే అవకాశం బాగానే ఉంది. బ్రూక్లిన్ అందుకే తీసుకుంది. డెన్వర్ 2027, 2029 ఫస్ట్ రౌండ్ పిక్‌లు కొన్ని షరతులతో ఇప్పటికే ఓక్లహోమా పేరు మీద ఉన్నాయని గుర్తుంచుకుంటే, వెస్ట్‌లో మనల్ని ఓడించిన జట్టుకే మన భవిష్యత్తు రాసిచ్చి ఉన్నాం. ఇంత జరిగాక కూడా నేనైతే ఈ ట్రేడ్‌కి సరే అనేవాణ్ని. ఏడేళ్ల తర్వాత వచ్చే పందొమ్మిదేళ్ల కుర్రాడి కోసం యోకిచ్ ముప్పయ్యో ఏటిని ఖర్చుపెట్టడం అన్యాయం. సెకండ్ రౌండ్ పిక్‌లతోనో, కనీసం టాప్ 4 రక్షణతోనో బేరం ముగించడానికి ఇంకొంచెం పట్టుబట్టి ఉండాల్సింది అన్నది మాత్రం నా ఫిర్యాదు.

2025-26 సీజన్ మొదలయ్యేలోపు తేలాల్సినవి ఇంకా ఉన్నాయి. డెన్వర్ గార్డ్ క్రిస్టియన్ బ్రౌన్ ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) మీద 2025 వేసవి నాటికి సంతకం కావాల్సి ఉంది, లేకపోతే 2026 వేసవిలో రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ (బయటి ఆఫర్‌కి సమానంగా ఇచ్చి పాత జట్టు ఉంచుకోగల ఆటగాడు) అవుతాడు. పేటన్ వాట్సన్‌దీ అదే పరిస్థితి. ఇద్దర్నీ ఉంచుకోవడానికి డబ్బు సరిపోతుందని నేను అనుకోను. ఎంచుకోవాల్సి వస్తే క్రిస్టియనే, ఎందుకంటే రీబౌండ్ పడగానే ముందు పరుగెత్తే మనిషి అతను, యోకిచ్ విసిరే ఆ పొడవు పాస్‌లలో చాలావాటికి అతనే చివర. యోకిచ్ 2025 వేసవిలో ఎక్స్‌టెన్షన్ తీసుకోకపోవడం గురించి కంగారు పడకండి. ఏడాది ఆగితే ఇంకో ఏడాది ఎక్కువ కాంట్రాక్ట్ వస్తుంది, అంతే. నన్ను నిజంగా టెన్షన్ పెట్టేది పాయింట్ గార్డ్ స్థానం. వెస్ట్‌బ్రూక్ వెళ్లిపోయాడు. అతని టర్నోవర్లతో విసిగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ముర్రే కూర్చున్నప్పుడు బంతి ముందుకు తోలేది అతనే. ఆ పని ఇప్పుడు బ్రూస్ బ్రౌన్ కొంత, జేలెన్ పికెట్ కొంత చెయ్యాలి. 2026 ఫిబ్రవరి ట్రేడ్ గడువులోపు ఒక గార్డ్‌ని వెతకాల్సి రావచ్చు.

మీ మూడో ప్రశ్నకు జవాబు. హ్యూస్టన్ కెవిన్ డ్యురాంట్‌ని తెచ్చుకుంది, మినసోటా 2024, 2025ల్లో కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది, లేకర్స్ దగ్గర లూకా డాన్‌చిచ్ ఉన్నాడు. మూడింటి మీదా డెన్వర్‌కి గెలిచే దారి నాకు కనిపిస్తోంది. మినసోటా ఒక్కటే కాస్త ఇబ్బంది, 2024 ఏడో మ్యాచ్‌లో సొంత కోర్టులో 20 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకున్నది వాళ్ల మీదే. ఓక్లహోమా మీద మళ్లీ ఏడు మ్యాచ్‌లు పడతాయి. ఈసారి నాలుగో క్వార్టర్‌లో డోర్ట్ వైపు పరుగెత్తడానికి తాజా కాళ్లు రెండు జతలు ఎక్కువ ఉంటాయి కాబట్టి నా పందెం డెన్వర్ మీదే. సీజన్ మొదలయ్యాక స్కోరు కంటే ముందు బాక్స్ స్కోర్‌లో యోకిచ్ ఆడిన నిమిషాలు చూడండి. డిసెంబర్ నాటికి అవి మ్యాచ్‌కి 34 దాటకుండా జట్టు గెలుస్తుంటే, ఈ వేసవి పని ఫలించినట్టే.